శుక్రవారం పెనుకొండ తావ ఇంటర్వ్యూ – పోయినసారి ఆరు నిమిషాల్లో బయటికొచ్చినా, ఈసారి ఎట్ల?

కళ్యాణదుర్గం_కుర్రోడు · సోమవారం, రాత్రి 9:40

అన్నలారా అక్కలారా, రొంత సలహా కావల్ల. నాది మెకానికల్ బీటెక్, అనంతపురంలో ఒక ప్రైవేటు కాలేజీ, 64 శాతం. ఒక బ్యాక్‌లాగ్ ఉండె, అదీ క్లియర్ అయిపొయ్యింది. శుక్రవారం పొద్దున తొమ్మిదిన్నరకు పెనుకొండ తావ కార్ల విడిభాగాలు చేసే కంపెనీలో ఇంటర్వ్యూ. మెయింటెనెన్స్ ట్రైనీ పోస్టు.

నా బాధేందంటే, పోయిన నెల బెంగళూరులో ఒక కంపెనీకి పొయ్యినా. రాత్రి బస్సెక్కి, మబ్బులోనే మెజెస్టిక్‌లో దిగి, ఆడే బాత్రూములో మొహం కడుక్కోని బ్యాగులోంచి ఇస్త్రీ అంగీ తీస్తే అది సంగటి గుడ్డ మాదిరి ముడతలు పడిపొయ్యుండాది. అదే ఏసుకోని పొయ్యినా. లోపల ఆయప్ప ఫోన్లో ఉన్యాడు. కూచోవల్లనో నిలబడల్లనో తెలీలేదు. కుర్చీ పట్టుకోని సగం వంగినోన్ని వంగినట్లే ఉండిపొయ్యినా. ఫోన్ పెట్టేసి ‘సిట్, సిట్’ అన్యాడు. ‘టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్’ అంటానే బట్టీ పట్టింది మొదలుపెట్టినా. ‘మై స్ట్రెంత్స్ ఆర్’ అనేతావ తెగిపొయ్యింది. మళ్ళా మొదట్నుంచి చెప్పబోతే చెయ్యెత్తి ఆపినాడు. ప్రాజెక్టు గురించి అడిగినాడు, ఏందో చెప్పినా. ఆరు నిమిషాలు, అంతే.

ఆ మొదటి నిమిషంలోనే ఆయప్ప నన్ను తీసేసినాడని నా అనుమానం. ఫస్ట్ ఇంప్రెషన్ బాగుండల్లంటే ఏం చేయల్ల?

ఉగ్గాని_బజ్జి · సోమవారం, రాత్రి 9:52

పొద్దున్నే ఉగ్గాని బజ్జీ తిని మాత్రం పోవద్దు. నేను తిని పొయ్యి, ఎర్రగడ్డ వాసన వస్తాదని ఇంటర్వ్యూ అంతా నోరు సగమే తెరిచి మాట్లాడినా. వాళ్ళు నాకు పన్ను నొప్పి అనుకున్యారు.

సీమ_సిన్నోడు · సోమవారం, రాత్రి 10:05

ఇంప్రెషనూ లేదు ఏమీ లేదు. లోపల మనోడొకడుంటే అదే ఇంప్రెషన్. నేను మూడేండ్లుగా తిరుగుతాండా. టై కట్టుకోని పొయ్యిన నాకు రాలేదు, పక్కన హవాయి చెప్పులతో వచ్చినోనికి వచ్చింది. వాళ్ళ మామ ఆడే సూపర్‌వైజరంట, తర్వాత తెలిసింది.

జోష్_అనంత · సోమవారం, రాత్రి 10:31

బ్రో, ఆ నెగటివ్ మాటలు వినొద్దు. మాటలు కేవలం 7 శాతం. గొంతు 38, బాడీ లాంగ్వేజ్ 55. సైంటిఫిక్‌గా ప్రూవ్ అయింది, ఎన్ని వీడియోలు ఉండాయో చూడు. గట్టిగా షేక్‌హ్యాండ్ ఇయ్యి, కళ్ళల్లోకి కళ్ళు పెట్టి చూడు, రెప్ప కొట్టొద్దు. లోపలికి పొయ్యేముందు బాత్రూములో రెండు చేతులు పైకెత్తి రెండు నిమిషాలు నిలబడు. కాన్ఫిడెన్స్ దానంతట అదే వస్తాది.

ఉగ్గాని_బజ్జి · సోమవారం, రాత్రి 10:34

రెప్ప కొట్టకుండా చూస్తే దిష్టి తీయించుకోని ఇంటికి పంపిస్తారు.

గేటుకాడ_అన్న · మంగళవారం, పొద్దున 7:15

నేను ఆ పక్కనే ఇంకో విడిభాగాల యూనిట్‌లో హెచ్‌ఆర్‌లో ఉండా. పేరు అడగొద్దండి. కొరియా కార్ల కంపెనీ కియా ఎర్రమంచిలో ప్లాంటు పెట్టి 2019లో బండ్లు బయటికి తీసినప్పట్నుంచి ఈ హైవే పొడుగునా చిన్నా పెద్దా యూనిట్లు వచ్చినాయి. వారానికి రెండు రోజులు కొత్త పిల్లోళ్ళతో మాట్లాడేదే నా పని.

తమ్ముడూ, నీ ఫస్ట్ ఇంప్రెషన్ శుక్రవారం తొమ్మిదిన్నరకు అని ఎవరు చెప్పినారు? ఫోన్ చేసినప్పుడే సగం అయిపోతాది. మేం చేస్తాం. ముప్పై సెకన్లు హీరో డైలాగ్ కాలర్ ట్యూన్ వింటాం. తర్వాత అమ్మ ఎత్తుతాది. ‘ఎవురు నాయనా? వాడు చేన్లోకి పొయ్యినాడే.’ దాంట్లో తప్పేం లేదు, మా అమ్మా అంతే. కానీ సాయంత్రానికన్నా తిరిగి ఫోన్ రావల్ల గదా. పది మందికి చేస్తే తిరిగి చేసేది ముగ్గురో నలుగురో. ఆ పేర్లు నాకు గుర్తుంటాయి.

రెండోది గేటు. మా గేటుకాడ ఒక పెద్దాయనుంటాడు. సాయంత్రం టీ తాగుతా చెప్తాడు, ‘ఆ నీలమంగీ పిల్లోడు రిజిస్టర్‌లో రాయమంటే ఇసుక్కున్యాడు సార్’ అని. అది నేను షీటులో రాయను. మనసులో పడకుండా ఎట్లుంటాది?

ఇంక నువ్వు భయపడే విషయం. కూర్చోమనేదాకా నిలబడు. ఆయన ఫోన్లో ఉంటే తలుపు కాడే ఉండి, కళ్ళు కలిసినప్పుడు తలూపు. నీ మాదిరి కుర్చీ పట్టుకోని వంగిపోయినోళ్ళు నాకు దినానికి ఇద్దరు తగుల్తారు. మధ్యాన్నానికి ఎవరు వంగినారో ఎవరు నిలబడినారో మాకే గుర్తుండదు. ముడతల అంగీ కూడా అంతే, మాసి వాసన కొట్టకుంటే చాలు.

అసలు సంగతి నువ్వు ఒక్క ముక్కలో దాటేసినావు. ‘ప్రాజెక్టు గురించి అడిగినాడు, ఏందో చెప్పినా’ అన్యావే, అది విప్పి చెప్పు. ఏమడిగినాడు, నువ్వేం చెప్పినావు?

కళ్యాణదుర్గం_కుర్రోడు · మంగళవారం, మధ్యాన్నం 1:20

అన్నా, దాసేదానికేముంది. నలుగురం డబ్బులేసుకోని ప్రాజెక్టుల అంగడిలో కొన్న్యాం. సోలార్ గడ్డి కోసే మిషన్. రివ్యూ రోజు తిరిగింది, మర్నాడు తిరగలేదు. ‘బ్లేడు ఎన్ని ఆర్‌పీఎంతో తిరుగుతాది, ఆ మోటరే ఎందుకు పెట్టినారు’ అని అడిగినాడు. నేను ‘గ్రూప్ ప్రాజెక్ట్ సార్’ అన్యా.

గేటుకాడ_అన్న · మంగళవారం, మధ్యాన్నం 1:48

ఇంగేం. నిన్ను తీసేసింది ఆడ. అంగీ కాదు, కుర్చీ కాదు. ‘గ్రూప్ ప్రాజెక్ట్ సార్’ అనే మాట నేను ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. అది వినపడితే నా చెయ్యి దానంతటదే పెన్ను మూత పెట్టేస్తాది.

సరే, కొనింది వదిలేయ్. నీ చేత్తో నువ్వు బాగుచేసిన మిషన్ ఏదన్నా ఉందా? స్కూటర్ అయినా సరే.

కళ్యాణదుర్గం_కుర్రోడు · మంగళవారం, మధ్యాన్నం 2:02

చెప్పుకునేంత ఏం లేదన్నా. ఇంట్లో బుడ్డలు (వేరుశనగ) కొట్టే మిషన్ ఉంది, సీజన్లో బాడిగకు తిప్పుతాం. నాయన నడుపుతాడు, రిపేర్లన్నీ నేనే. అది పల్లె పని గదా, రెజ్యూమేలో యాడ పెడతాం.

గేటుకాడ_అన్న · మంగళవారం, మధ్యాన్నం 2:05

ఓరి నీ పాసుగాల. మెయింటెనెన్స్ పోస్టుకు పోతా మెయింటెనెన్స్ పని దాచిపెడతావా?

ఈ పొద్దే రెజ్యూమేలో ఒక లైను ఎక్కించు. ‘హాబీస్: లిజనింగ్ టు మ్యూజిక్’ తీసేసి ఆ తావులో పెట్టు. ఫాదర్ ఆక్యుపేషన్, మతం, కింద డిక్లరేషన్, అవన్నీ ఎవరూ చదవరు. ఆ మిషన్ లో మిమ్మల్ని బాగా సతాయించిన రిపేరు ఒకటి గుర్తు తెచ్చుకో. ఏం చెడింది, ముందు ఏమనుకున్యావు, ఎట్ల కనుక్కున్యావు, ఏం చేసినావు. మీ అమ్మకు చెప్పినట్లు చెప్పు. అమ్మకు అర్థమైతే ఎవురికైనా అర్థమైతాది.

చాక్‌పీసు · మంగళవారం, సాయంత్రం 6:10

అనంతపురంలో ఇరవై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నాను. జోష్ గారూ, ఆ 55-38-7 లెక్క నా విద్యార్థులు కూడా ఏటా నాకే చెబుతారు. మూలం 1967లో ఆల్బర్ట్ మెహ్రేబియన్ చేసిన ప్రయోగాలు. ఒకదానిలో ‘మేబీ’ అనే ఒకే మాటను రకరకాల గొంతుల్లో వినిపించి, మొహాల ఫొటోలు చూపించి, మాట్లాడిన మనిషికి ఇష్టమా అయిష్టమా అని అడిగారు. ఒక్క మాటలో దాగిన ఇష్టాయిష్టాల సంగతి అది. పంపు ఎందుకు ఆగిపోయిందో వివరించడానికి ఆ లెక్క పనికిరాదు. భావాలకు తప్ప మిగతా సంభాషణకు దాన్ని పూయవద్దని ఆయనే చెప్పాడు. ఏడు శాతం మాటలతో ఇంటర్వ్యూ నెగ్గగలిగితే మన వాళ్ళు మూకాభినయం నేర్చుకుంటే సరిపోయేది.

అలాగని మొదటి చూపు ఉత్తదే అనను. 2006లో ప్రిన్స్‌టన్‌లో విల్లిస్, టొడొరొవ్ అనే ఇద్దరు కొత్త మొహాలను సెకనులో పదో వంతు మాత్రమే చూపించి, ఈ మనిషి నమ్మదగ్గవాడా అని అడిగారు. జనం చెప్పేశారు. ఇంకా ఎక్కువసేపు చూపిస్తే తీర్పు పెద్దగా మారలేదు, తమ తీర్పు మీద ధీమా మాత్రం పెరిగింది. ఇంకా పాతది, 1920లో థార్న్‌డైక్ సైన్యంలో అధికారులు తమ కింది వాళ్ళకు వేసిన మార్కులు చూశాడు. శరీర దారుఢ్యంలో ఎక్కువ వేసినవాడికే తెలివిలోనూ, నాయకత్వంలోనూ ఎక్కువ వేశారు. ఒక గుణం నచ్చితే మిగతావన్నీ దాని వెలుగులోనే కనిపిస్తాయి. అంటే కుర్రాడి భయం పూర్తిగా అపోహ కాదు. అయితే ఆ జబ్బు కుర్చీకి అవతల కూర్చున్న వాళ్ళది, ఇతనిది కాదు.

తుంగభద్ర_గట్టు · మంగళవారం, రాత్రి 8:30

అమ్మా చాక్‌పీసు, మీరు నా పాత గాయం కెలికినారు.

నేను కర్నూలు, బ్యాంకులో చేసి రిటైరైనా. కొన్నేండ్లు ఇంటర్వ్యూ ప్యానెల్‌లో కూర్చున్నా. ఒకసారి మే నెల, మా ఊరి ఎండ మీకు తెలిసిందే. ఒక పిల్లోడు వచ్చినాడు, చొక్కా వీపుకు అంటుకుపోయి. నీళ్ళు తాగొచ్చా సార్ అన్నాడు. తాగమన్నాం. తాగి గ్లాసు పెట్టినాడు, టేబుల్ మీద తడి వలయం పడింది. జేబులోంచి కర్చీఫు తీసి ఆ వలయాన్ని తుడిచి, అప్పుడు మా వైపు తిరిగినాడు. నేను ఆడికాడికే పడిపోయినా. అతను తర్వాత చెప్పిన జవాబులు మామూలువే. అయినా నా మార్కులు చూసి పక్కన సార్ కనుబొమ్మ ఎగరేసినాడు. టేబుల్ తుడిచే దానికీ అప్పు ఇచ్చే దానికీ ఏం సంబంధం? ఇప్పటికీ నాకు జవాబు లేదు. అతని వెనక వచ్చిన పిల్లకు నేను అన్యాయం చేసినానేమో అని ఉంటాది.

ఇప్పుడు బ్యాంకు పరీక్షలు రాసేవాళ్ళు ఈ చర్చ చదువుతాంటే వాళ్ళ కోసం ఒక మాట. ఐబీపీఎస్ పీఓలో, అంటే బ్యాంకు ఆఫీసర్ల పరీక్షలో, ఇంటర్వ్యూకు 100 మార్కులు, జనరల్ వాళ్ళకు 40 వస్తేనే క్వాలిఫై. చివరి మెరిట్‌లో మెయిన్స్ 80 వంతులు, ఇంటర్వ్యూ 20. క్లర్కుకు ఇంటర్వ్యూనే లేదు. కేంద్రంలో కింది స్థాయి పోస్టులకు కూడా 2016 జనవరి 1 నుంచి తీసేసినారు. కాబట్టి చదవడం మానేసి టైలు కొనొద్దు.

సీమ_సిన్నోడు · మంగళవారం, రాత్రి 8:41

చూడండి, లోపల కూచున్నాయనే ఒప్పుకుంటాండాడు. నేను చెప్పింది ఇదే గదా.

తుంగభద్ర_గట్టు · మంగళవారం, రాత్రి 8:55

కాదు నాయనా. నువ్వు మామ గురించి చెప్పినావు, నేను కర్చీఫు గురించి చెప్పినా. కర్చీఫు ఎవరైనా కొనుక్కోవచ్చు.

కడప_కారందోస · బుధవారం, పొద్దున 10:15

అందరూ మగపిల్లోళ్ళ సంగతే మాట్లాడుతున్నారు, నేనూ రెండు మాటలు చెప్తా. మాది కడప, ఇప్పుడు బెంగళూరులో పని చేస్తున్నా. ఏడు ఇంటర్వ్యూలకు పోయినా.

కళ్ళల్లోకి చూడమంటారు. మన ఇండ్లల్లో పెద్దోళ్ళ కళ్ళల్లోకి చూసి మాట్లాడితే ‘ఏందా చూపు?’ అని తల మీద ఒకటి పడుతుంది. ఇరవై రెండేండ్లు నేల చూసి మాట్లాడిన మనిషి ఒక్క పూటలో ఎట్లా మారుతుంది? మొదటి మూడు ఇంటర్వ్యూలు నేను టేబుల్ మీద పేపర్‌వెయిట్‌తోనే మాట్లాడినా. తర్వాత ఒక చిట్కా దొరికింది. ఎదుటోళ్ళ బొట్టు పెట్టుకునే చోటు చూస్తూ మాట్లాడేది. వాళ్ళకు కళ్ళల్లోకి చూసినట్టే ఉంటుంది, మనకు భయం ఉండదు.

బట్టలంటారా, చీర కట్టుకుని పోతే ఒక చోట ‘టీచర్ పోస్టు కాదమ్మా’ అన్నారు, చుడీదార్‌లో పోతే ఇంకో చోట ఏమీ అనలేదు. అలవాటు లేని చీర మాత్రం వద్దు, కుచ్చిళ్ళ మీదే ధ్యాస ఉంటుంది. ఇంక ‘పెళ్ళెప్పుడమ్మా’ అని అడిగే చోటు ఇప్పటికీ ఉంది. నన్ను ఒక ప్యానెల్లో అడిగితే ‘ఈ ఉద్యోగానికి అది అవసరమా సార్’ అని నవ్వుతూ అడిగినా. ఆ ఉద్యోగం రాలేదు. రాకపోవడమే మంచిదైంది అని ఇప్పుడు అంటా, ఆ రోజు మాత్రం ఏడు రోడ్ల కాడ ఆటో ఎక్కి ఇల్లు చేరేదాకా ఏడ్చినా.

మోడరేటర్ · బుధవారం, పొద్దున 11:00

‘ఐదు వేలు కడితే జాబ్ గ్యారంటీ’ అని నంబరు పెట్టిన పోస్టు తీసేశాం, ఆ ఖాతా ఆపేశాం. ఉద్యోగం ఇచ్చేవాళ్ళు డిపాజిట్ అడగరు. ఎవరైనా అడిగితే స్క్రీన్‌షాట్ తీసి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

కళ్యాణదుర్గం_కుర్రోడు · బుధవారం, రాత్రి 9:05

ఇంకొక డౌటు. నా మాట పూర్తిగా మన యాసే. ‘యాడ’, ‘తావ’ లేకుండా నాకు నోరు తిరగదు. హైదరాబాదులో ఒకసారి నవ్వినారు. మార్చుకోవల్లనా?

జోష్_అనంత · బుధవారం, రాత్రి 9:12

మార్చు బ్రో. న్యూస్ రీడర్ మాదిరి మాట్లాడు.

గేటుకాడ_అన్న · బుధవారం, రాత్రి 9:50

రెండు దినాల్లో న్యూస్ రీడర్ అయితాడా? సగం యాస, సగం టీవీ, రెంటికీ చెడతాడు. ఇంటర్వ్యూలో మేం కొంచెం తెలుగు, కొంచెం ఇంగ్లీషు మాట్లాడతాం. టెక్నికల్ ఆయన తమిళాయన అయితే నీ తెలుగు ఏ యాసదో ఆయనకు తెలీదు. నెమ్మదిగా మాట్లాడితే చాలు. మన సమస్య యాస కాదు, స్పీడు. ఎక్స్‌ప్రెస్ బండి గుత్తి దాటినట్లు మాట్లాడతాం. ‘మైసెల్ఫ్’ అని మాత్రం మొదలుపెట్టొద్దు, ‘ఐ యామ్’ అను.

కొరియావాళ్ళు లోపల ఉంటే ఫైలు రెండు చేతుల్తో ఇయ్యి, వాళ్ళిచ్చేది రెండు చేతుల్తో తీసుకో. వాళ్ళ మర్యాద అది. మనకు కొత్త కాదు, పెద్దోళ్ళకు తాంబూలం ఒంటిచేత్తో ఇస్తామా? షేక్‌హ్యాండుకు నువ్వు ముందు చెయ్యి చాపొద్దు. వాళ్ళు చాపితే ఇయ్యి, పిండొద్దు.

ఒరిజినల్స్ వేరే, జిరాక్సులు వేరే పెట్టు. సీఎంఎం (అన్ని సెమిస్టర్ల మార్కుల మెమో), ప్రొవిజినల్ సర్టిఫికెట్, ఆధార్, పాన్, రెండు ఫొటోలు. జిప్పు ఇరుక్కునే ఫైలు వద్దు. గురువారం రాత్రికే అనంతపురంలో చుట్టాల ఇంట్లో పండుకో. ఆడ్నించి పెనుకొండ డెబ్బై కిలోమీటర్ల దాకా ఉంటాది, హిందూపురం బస్సులు తెల్లారకముందు నుంచే ఉంటాయి. అంగీ ఏసుకోని పో, బ్యాగులో పెట్టుకోని పోవద్దు.

ఉగ్గాని_బజ్జి · గురువారం, రాత్రి 10:20

రేపు ఇడ్లీ తినేసి పో రా. మా ఓటు నీకే.

కళ్యాణదుర్గం_కుర్రోడు · శుక్రవారం, సాయంత్రం 5:35

అయిపొయ్యింది. బస్సులో ఉండా, వరసగా చెప్తా.

ఎనిమిదీ ముక్కాలుకే గేటు తావ ఉన్యా. ఇరవై రెండు మందిమి. లోపల ముగ్గురు, ఒకాయన తమిళాయన, ప్లాంటు ఇంజనీరు. ‘గుడ్ మార్నింగ్’ అనల్లని దావంతా అనుకుంటా పోతే నోట్లోంచి ‘నమస్కారం సార్’ వచ్చింది. ఆయన కూడా ‘వణక్కం’ అన్యాడు. కూచోమనేదాకా నిలబడినా.

రెజ్యూమేలో ఆ లైను కళ్యాణదుర్గం బస్టాండు తావ నెట్ సెంటర్‌లో టైపు చేయించినా. ఆయప్ప ‘థ్రెషర్’ (నూర్చే మిషన్)కు బదులు ‘థ్రాషర్’ (బాదేటోడు) అని కొట్టినాడు, నేను చూసుకోలే. ఇంజనీరు సార్ అది చూసి ‘ఎవరిని బాదుతావప్పా?’ అని ఇంగ్లీషులో అడిగినాడు. ముగ్గురూ నవ్వినారు. నాకూ నవ్వొచ్చింది. బట్టీ పట్టిందంతా ఆడికి ఎగిరిపొయ్యింది.

ఇంగ చెప్పడం మొదలుపెట్టినా. పోయిన సీజన్లో బెల్టు మూడు దినాలకొకటి పోతాండె. అందరూ మంచి కంపెనీ బెల్టు ఎయ్యమన్యారు, ఏసినాం, అదీ పొయ్యింది. పాత బెల్టులన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే అన్నిటికీ ఒకే పక్క అంచు అరిగుండాది. అప్పుడు అనుమానమొచ్చి పుల్లీలు చూసినా. సార్ ఆడ ఆపి, ‘పుల్లీలు వంకరుంటే నీకెట్ల తెలిసింది, మీటర్ ఉందా?’ అన్యాడు. లేదు సార్, దారం అన్యా. రెండు పుల్లీల మొహాల మీదుగా దారం బిర్రుగా లాగితే నాలుగు తావుల తగలల్ల. మాది మూడు తావులే తగిలింది, ఇంజను పుల్లీ బయటి అంచు తావ గోరు దూరేంత సందు. ఇంజను కింద బోల్టు వదులు చేసి నూనె డబ్బా రేకు కత్తిరించి పెట్టినా. ‘దాన్ని షిమ్ అంటారు’ అన్యాడు సార్. పేరు నాకు అప్పుడే తెలిసింది. తెల్ల కాగితం ఇచ్చి బొమ్మ గియ్యమన్యాడు, గీసినా. ఆ కాగితం ఆయనే పెట్టుకున్యాడు.

అన్నీ బాగా పోలేదు. బేరింగ్ నంబర్లు అడిగితే తెలీలేదు, తెలీదనే చెప్పినా. ఇంగ్లీషు రెండు తావుల తడబడినా. లేచేటప్పుడు కుర్చీ గోడకు తగిలి పెద్ద సద్దయ్యింది. మంగళవారం లోపల ఫోన్ చేస్తామన్యారు, ఆరుగుర్ని సెకండ్ రౌండుకు పిలుస్తారంట.

తుంగభద్ర_గట్టు · శుక్రవారం, సాయంత్రం 6:02

గోరు దూరేంత సందు. శెభాష్.

సీమ_సిన్నోడు · శుక్రవారం, సాయంత్రం 6:20

ఆ ఆరుగురిలో ఎంతమందికి మామలున్నారో చూద్దాం. నీకు రావల్లనే కోరుకుంటాండా తమ్ముడూ, ఇది కోపంతో అనింది కాదు. నాకూ ఐటీఐ ఉంది, వెల్డింగ్. రెజ్యూమేలో మా ఊరి గుడి గేటు చేసింది నేనే అని రాయొచ్చునా?

గేటుకాడ_అన్న · శుక్రవారం, సాయంత్రం 6:45

రాయొచ్చునా కాదు, ఫొటో తీసి పెట్టు. అతుకులు దగ్గరగా కనపడల్ల, దేవుడు కాదు.

కళ్యాణదుర్గం తమ్ముడూ, మంగళవారం దాకా ఫోన్ దగ్గరే పెట్టుకో.

కళ్యాణదుర్గం_కుర్రోడు · శుక్రవారం, రాత్రి 8:10

రేపు ఎల్లుండి బెళుగుప్ప పక్క మిషన్ బాడిగుంది అన్నా, ఆ చేన్లల్లో సిగ్నల్ రాదు. అమ్మ నంబరు కూడా ఇచ్చొచ్చినా. కాలర్ ట్యూన్ తీసేసినా. అమ్మకు మాత్రం హెచ్‌ఆర్ అంటే ఏందో ఇంకా చెప్పల్ల.